బరంపురంలో సూపర్‌కారు పెట్టుకోవాలంటే: ఇంటి గేటు వాలు నుంచి అమ్మకం దాకా

లంబోర్గినీ కొనాలనే ఆలోచన వస్తే ఎవరైనా ముందు షోరూముకి ఫోన్ చేస్తారు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంటూ కొనాలనుకుంటే మాత్రం, ముందు ఒక టేపు, ఒక పొడవాటి చెక్క పట్టీ పట్టుకుని మీ ఇంటి గేటు దగ్గరికి వెళ్ళండి. కోట్లు పోసి కొన్న కారు షెడ్డులోంచి కదలకుండా ఉండిపోయిందంటే, చాలాసార్లు కారణం ఇంజిను కాదు, గేటు ముందు మురికి కాలువ మీద వేసిన ఆ సిమెంటు వాలే.

మా చిన్నాన్నగారి అబ్బాయికి లంబోర్గినీ హురకాన్ ఈవో ఉంది. వాడు వ్యాపారం పనుల మీద నెలలో సగం రోజులు విశాఖలో ఉంటాడు కాబట్టి తాళాలు ఎక్కువగా నా దగ్గరే ఉంటాయి. కాబట్టి ఇక్కడ రాసేదంతా బరంపురం నుంచి ఇచ్ఛాపురం, పలాస దాకా, అటు ఛత్రపురం, రంభ దాకా ఉన్న మన దారుల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నదే. దుబాయి రోడ్ల సంగతి నాకు అక్కర్లేదు.

మొదట దారి కొలవండి

హురకాన్ పొట్ట కింద నేలకి ఉండే ఖాళీ సుమారు 125 మిల్లీమీటర్లు. ముక్కు పైకి లేపే మీట ఉంటే ముందు భాగం మరో 40 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,620 మిల్లీమీటర్లు. ఈ మూడు అంకెలు మనసులో పెట్టుకుని కొలత మొదలుపెట్టండి.

వాలు మొదలయ్యే చోట చెక్క పట్టీని నేలకి సమానంగా పట్టుకుని, ఒక మీటరు లోపలికి వెళ్ళేసరికి సిమెంటు ఎంత ఎత్తు లేచిందో చూడండి. 10 సెంటీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. వాలు సరిపోయినా ఇంకో చిక్కుంది. పైకి ఎక్కాక గేటు పట్టాల దగ్గర వచ్చే మూపు కారు పొట్టకి తగులుతుంది. ముక్కు లేపే మీట అక్కడ పెద్దగా పనికిరాదు, అది లేపేది ముందు భాగాన్నే.

చాలామంది వాలుని రోడ్డు మీదకి పొడిగించేస్తారు. అది ఆక్రమణ కిందకి వస్తుంది, పైగా వానాకాలంలో నీళ్ళు మళ్ళీ మీ గేటులోకే వస్తాయి. వాలుని ఇంటి లోపలి వైపుకి సాగదీయండి. ఆవరణలో నేల కొంచెం లేపితే సరిపోతుంది, మేస్త్రీకి ఒకటి రెండు రోజుల పని.

మా ఇంట్లో కారు బయటికి తీసేటప్పుడు ఇప్పటికీ ఒకరు మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే. మా తమ్ముడు స్టీరింగు పట్టుకుంటే నేను ముక్కు దగ్గర తల నేలకి ఆనించి చూస్తాను. "అన్నయ్యా, ఎంత ఉంది?" "రెండు వేళ్ళ సందుంది, రా... కొంచెం కుడికి కొయ్యి... ఎడమ చక్రం ముందు ఎక్కనీ... ఆగాగు!" రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కకుండా కారుని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రమే ఎక్కించడం దీని కిటుకు. బంపరు కింద పెదవి సిమెంటుని రాసుకుంటే గర్రుమని వచ్చే ఆ చప్పుడు విన్నవాళ్ళు జన్మలో మరిచిపోరు. ఆ పెదవి మార్చుకోగలిగిన ముక్కే, కానీ ఇటలీ నుంచి రావాలి.

ఇంటి నుంచి హైవే దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్లు కూడా చూసుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అలాంటిదైతే ఏ సూపర్‌కారైనా నెమ్మదిగా దాటేస్తుంది. మన వీధుల్లో రాత్రికి రాత్రి కుర్రాళ్ళు పోసిన సిమెంటు ముద్దలకి ఆ పుస్తకం సంగతి తెలియదు. ఇల్లు బడా బజార్ లాంటి ఇరుకు వీధుల్లో ఉంటే వాదన వద్దు, హైవే పక్కన గోదాము అద్దెకి తీసుకుని కారు అక్కడే పెట్టుకోండి. రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణీ జాతరప్పుడు పాత ఊరి వీధుల్లో పందిళ్ళు, జనం తప్ప ఇంకేమీ కదలవు. ఆ నెలంతా కారు లోపల ఇరుక్కుపోతుంది.

డబ్బు లెక్క

పూర్తిగా తయారై దిగుమతయ్యే కారు రేవులో దిగేటప్పటి విలువ 40,000 డాలర్లు దాటితే, 2025 బడ్జెట్ లెక్కన 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం సెస్సు కలిపి 110 శాతం పడుతుంది. దాని మీద 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకి 40 శాతం జీఎస్టీ. అంటే కోటి రూపాయల విలువతో దిగిన కారు సుంకంతో 2 కోట్ల 10 లక్షలు, జీఎస్టీతో 2 కోట్ల 94 లక్షలు అవుతుంది. డీలరు లాభం, రోడ్డు ట్యాక్సు, బీమా ఇంకా కలపనే లేదు. మీరు కొనేది ఒక కారు, కట్టేది దాదాపు మూడు కార్ల డబ్బు. సుంకాలు మారుతుంటాయి కాబట్టి బుకింగుకి ముందు తాజా రేట్లు అడగండి. 10 లక్షలు దాటిన ఏ కారుకైనా డీలరు 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో సర్దుకుంటుంది. మీ ఆడిటరుకి ముందే చెప్పండి.

2019లో హురకాన్ ఈవో మన దేశంలో 3.73 కోట్ల ఎక్స్-షోరూం ధరతో వచ్చింది. దాని వారసుడు టెమెరారియో 2025లో 6 కోట్లతో అడుగుపెట్టింది. నడిపే ఖర్చుకి నేను పెట్టుకున్న లెక్క ఒకటే: కారు ధరలో 4-5 శాతం ప్రతి ఏడూ విడిగా పెట్టగలిగితేనే ముందుకెళ్ళండి. టైర్ల జత, సొంత నష్టం బీమా, కారుని సర్వీసుకి మోసుకెళ్ళే ట్రక్కు అద్దె, అన్నీ లక్షల్లోనే మాట్లాడతాయి. ఒక్క థర్డ్ పార్టీ బీమా మాత్రం తమాషా. 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం 1,500 సీసీ దాటిన ప్రైవేటు కారు దేనికైనా ఏడాదికి 7,897 రూపాయలే. 5,204 సీసీ హురకానూ, పక్కింటి పెద్ద డీజిల్ బండీ అక్కడ సమానం.

ఏ కారు?

నడపడమే ఇష్టమైతే పోర్షే 911. వెనక చిన్నవైనా రెండు సీట్లున్నాయి, ముందు డిక్కీలో రెండు రోజుల సామాను పడుతుంది, పోర్షే సెంటరు కోల్‌కతాలో ఉంది. ముక్కు లేపే సదుపాయం ఆప్షనుగా దొరుకుతుంది, అది లేకుండా మన ఊరికి తీసుకోవద్దు. నలుగురూ చూడాలన్నదే కోరికైతే లంబోర్గినీ వాళ్ళ ఎస్‌యూవీ ఊరుస్. గాలి సస్పెన్షనుతో అది 248 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది, ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. మా వాడికి ఈ మాట నచ్చదు కానీ, బరంపురంలో బుర్రతో కొనేవాడు ఆ రెండింట్లో ఒకటే కొంటాడు.

కొత్తగా వస్తున్న ఫెరారీ 296 జీటీబీ, టెమెరారియో లాంటివి హైబ్రిడ్లు. అద్భుతమైన బళ్ళే, కానీ హై వోల్టేజీ బ్యాటరీ ఉన్న కారుకి సమస్య వస్తే ఇక్కడ మూత తీసి చూసే ధైర్యం కూడా ఎవరూ చెయ్యకూడదు. మన దూరాలకి టర్బో, కరెంటు మోటారు ఏవీ లేని పాత వీ10 (పది సిలిండర్ల) హురకానే నయమని నా అభిప్రాయం. 2014 నుంచి 2024 దాకా తయారైంది, సెకండ్‌హ్యాండులో దొరుకుతుంది.

సెకండ్‌హ్యాండు చూసేటప్పుడు మీటరు అంకెని చూసి మురిసిపోకండి. తక్కువ తిరిగిందంటే ఎక్కువ రోజులు ఊరికే నిలబడిందని కూడా అర్థం. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి నిండుగా ఉన్నా, ఆరేళ్ళు దాటిన టైరు అట్టలా బిగుసుకుపోతుంది. ఇంజిను హద్దు మీరి ఎన్నిసార్లు తిరిగిందో కంప్యూటరు రీడింగు తీయించండి. పాత లంబోర్గినీ గల్లార్డో ఈ-గేర్ (క్లచ్చి పెడల్ లేని రకం) అయితే క్లచ్చి ఎంత అరిగిందో కూడా అందులోనే తెలుస్తుంది. వెనక్కి వాలు ఎక్కించే అలవాటున్న ఇంట్లో ఉన్న బండి అయితే ఆ క్లచ్చి సగం అక్కడే పోయి ఉంటుంది. పెయింటు మందం కొలిచే మీటరు తప్పనిసరి.

సర్వీసు దూరం

లంబోర్గినీ షోరూములున్న ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లో మనకి దగ్గరది బెంగళూరే. అదైనా 1,200 కిలోమీటర్ల పైమాటే. ఏడాదికోసారి సర్వీసుకి కారు ట్రక్కులో వెళ్ళాలి. నాలుగు వైపులా మూసిన, వెనక పలక బాగా కిందకి వాలే ట్రక్కే మాట్లాడుకోండి. ఎక్కించే ముందు, దించిన తరువాత నాలుగు మూలలా వీడియో తీయండి. ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్ళు మా కారుని చక్రాలకి బెల్టు వేసి కట్టాల్సింది పోయి, సస్పెన్షను కడ్డీకి గొలుసు వేసి బిగించారు. వీడియో ఉండబట్టి ఖర్చు వాళ్ళే భరించారు. లాగే కొక్కెం ముందు బంపరులో మూత తీసి మర బిగించేది, టూల్‌కిట్‌లో ఉంటుంది. అది ఎక్కడుందో డ్రైవింగ్ చేసే ప్రతివాడికీ తెలియాలి.

నంబరు ప్లేటు

మనది ఆంధ్ర సరిహద్దు కాబట్టి ఈ సలహా ఇచ్చేవాళ్ళు వీధికొకరుంటారు: ట్యాక్సు తక్కువున్న ఏదో రాష్ట్రంలో రిజిస్టరు చేయించెయ్, ఎవడు చూస్తాడని. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. గంజాం ఓడీ-07 నంబర్ల మధ్య వేరే రాష్ట్రం నంబరున్న పచ్చ లంబోర్గినీ ఏడాది పొడుగునా తిరిగితే గిరిసోల చెక్‌గేటు దగ్గర గుర్తుపట్టరా! మీరుండే చోటే ట్యాక్సు కట్టి నిశ్చింతగా ఉండండి.

షెడ్డు: తేమ, ఉప్పు, ఎలుకలు

ఇక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి, ఇక్కడే అందరూ అశ్రద్ధ చేస్తారు. గోపాలపురం సముద్రం మనకి పదిహేను కిలోమీటర్లు. ఆ గాలిలో ఉప్పుంటుంది. సూపర్‌కారు చట్రం ఎక్కువగా అల్యూమినియం, బోల్టులు ఉక్కు. ఉప్పు తేమలో ఆ రెండూ కలిసిన చోట తినేయడం మొదలవుతుంది, పైకి కనిపించదు. బీచి రోడ్డుకి తీసుకెళ్ళి వచ్చిన ప్రతిసారీ కారు కింద మంచినీళ్ళతో కడగండి. బోరు నీళ్ళు పెయింటు మీద ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, చివరి కడుగు వడకట్టిన నీళ్ళతో చేసి వెంటనే మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి.

కడిగిన వెంటనే షెడ్డులో పెట్టేయొద్దు. బ్రేకులు ఆరేదాకా రెండు కిలోమీటర్లు నడిపి రండి. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా, చదును నేల మీద చక్రాలకి చెక్క అడ్డం పెట్టండి. తేమలో ప్యాడ్లు డిస్కుకి అతుక్కుంటే, కదిలించినప్పుడు ఠప్పుమన్న చప్పుడుతో ఖర్చు మొదలవుతుంది.

బ్యాటరీకి ఎప్పుడూ చిన్న ఛార్జరు తగిలించి ఉండాలి. నిలబడి ఉన్నా ఈ కార్లు కరెంటు తాగుతూనే ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ముందు మూత తీయడానికే తంటాలు పడాలి, బ్యాటరీ ఉన్నది ఆ మూత కిందే. మన దగ్గర ఛార్జరుని ఇన్వర్టరు లైనుకి కలపండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు ఎలా పోయిందో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు కొట్టింది. అందుకే షెడ్డుకి రేకుల కప్పు పనికిరాదు, స్లాబే ఉండాలి. నేల రోడ్డు కన్నా ఎత్తులో ఉండాలి. కొబ్బరిచెట్టు పడే దూరంలో ఉండకూడదు.

నీళ్ళు చేరిన కారుని స్టార్టు చెయ్యకండి. ఇంజినులోకి నీళ్ళు పోయి కడ్డీలు వంగితే, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేని బీమా ఒక్క రూపాయి ఇవ్వదు. పాలసీలో ఆ మాట ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఎలుకల సంగతి పెద్ద కంపెనీల మాన్యువల్‌లో ఉండదు. ఇంజిను మీద వెచ్చగా ఉంటుంది, చుట్టూ మెత్తటి నురుగు పలకలుంటాయి, వాటికి అంతకన్నా ఏం కావాలి? షెడ్డులో బియ్యం బస్తాలు, కుక్క తిండి పెట్టొద్దు. బోనులు గోడ వెంబడి పెట్టండి. కారు దగ్గర విషం వాడొద్దు, ఎలుక వెళ్ళి చచ్చేది ఇంజిను సందులోనే.

వాహన పూజ

కొత్త బండి రాగానే తారాతారిణి కొండకో, ఇంటి దగ్గర గుడికో తీసుకెళ్ళకుండా మన ఇళ్ళల్లో ఎవరూ ఊరుకోరు. తీసుకెళ్ళండి. పూజారిగారికి ముందే నాలుగు మాటలు మర్యాదగా చెప్పండి. బొట్టు పెయింటు మీద కాకుండా నంబరు ప్లేటు మీదో, అద్దం మీదో పెట్టించండి. పసుపు మరక పెయింటు మీద అంటించే పారదర్శక రక్షణ పొర మీద పడితే అంత తేలిగ్గా పోదు. కొబ్బరికాయ బంపరు ముందు కాకుండా పక్కకి జరిగి కొట్టించండి, పెంకు ఎగిరి తగిలితే కార్బన్ ఫైబరు మీద గాటు ఖాయం. చక్రాల కింద నిమ్మకాయలకి ఏ ఇబ్బందీ లేదు. నిమ్మకాయ, మిరపకాయల దండ మాత్రం ముందు గాలి రంధ్రాలకి అడ్డంగా కట్టకండి, రేడియేటర్లు వాటి వెనకే ఉంటాయి. మా పిన్నికి ఇది చెప్పడానికి మా తమ్ముడు పడ్డ టెన్షన్, కారు లోను దొరకడానికి కూడా పడలేదు.

నడపడం

ఎక్కగానే మొదట తెలిసేది వేగం కాదు, ఎత్తు. హురకాన్ ఎత్తు 1,165 మిల్లీమీటర్లే. బస్సు చక్రం పై భాగం మీ కళ్ళకి ఎదురుగా ఉంటుంది. లారీ డ్రైవరు కిటికీలోంచి చూస్తే మీరు కనిపించరు. కాబట్టి లారీ పక్కన సమానంగా ఎప్పుడూ వెళ్ళొద్దు. వెనకే ఆగండి, లైటు కొట్టండి, దారి ఉంటే ఒక్క ఊపున దాటేయండి. ఈ కారు శక్తి మన రోడ్డు మీద నిజంగా పనికొచ్చేది ఈ ఒక్క చోటే.

ఇంజిను నూనె వేడెక్కేదాకా 4,000 ఆర్పీఎం దాటించకండి. వెనక టైర్లు 305 మిల్లీమీటర్ల వెడల్పున్నా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తడి రోడ్డు మీద జారిపోతాయి. స్టీరింగు మీద మీట మామూలు రోడ్డుకి ఉద్దేశించిన "స్ట్రాడా"లో ఉంచి కనీసం ఒక నెల నడపండి. "కోర్సా" ట్రాకు కోసం. ట్రాఫిక్కులో అంగుళం అంగుళం పాకించకండి. ముందు ఖాళీ వచ్చేదాకా బ్రేకు మీద ఆగి, వచ్చాక ఒకేసారి కదలండి. రెండు క్లచ్చిల గేరుబాక్సు వేడెక్కేది ఆ పాకుడులోనే.

ఇక అసలు ఆనందం. 100 కిలోమీటర్ల వేగం 3 సెకన్లలోపే వస్తుంది, అది కూడా రెండో గేరులోనే. నాలుగు వరుసల హైవే మీద 2018 కేంద్ర నోటిఫికేషన్ పెట్టిన గరిష్ఠ పరిమితీ 100 కిలోమీటర్లే, రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. మిగతా గేర్లన్నీ చట్టానికి అవతలే. ఇంజిను 8,000 ఆర్పీఎం దగ్గర అరిచే అరుపు వినాలంటే మాత్రం అంత వేగం అక్కర్లేదు, మొదటి గేరులోనే వినిపిస్తుంది. పూర్తిగా నడపాలనే కోరిక ఉంటే కారుని ట్రక్కులో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి పంపండి.

తెల్లవారుజామున రంభ వైపు, చిలికా కనిపించేదాకా వెళ్ళి రావడం మన దగ్గర దొరికే మంచి డ్రైవు. మలుపులు కావాలంటే తప్తపాణి ఘాటు. అక్కడ 640 హార్స్‌పవర్‌కి పనేమీ లేదు, స్టీరింగు ఎంత బాగా మాట్లాడుతుందో తెలుస్తుంది. కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, పరిచిన గడ్డి మీద నుంచి పోనివ్వకండి. గింజల మీద టైరు జారుతుంది. గడ్డి కారు కింద చుట్టుకుని వేడి సైలెన్సరుకి తగిలితే నిప్పంటుకుంటుంది. మామూలు కారు దాటేస్తుంది, ఇది నేలని ఊడ్చుకుంటూ వెళ్తుంది.

పెట్రోలు, పంచరు

లీటరుకి ఐదారు కిలోమీటర్లు, ట్యాంకు సుమారు 80 లీటర్లు. విశాఖ దాకా వెళ్ళొచ్చు, మళ్ళీ నింపాలి. మూత లోపల ఇథనాల్ ఎంతవరకు పనికొస్తుందో గుర్తు ఉంటుంది, అది ఈ-10 (10 శాతం ఇథనాల్) అని ఉంటే ఈ-20 (20 శాతం) గురించి డీలరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి ఆపే కారుకి ఆక్టేన్ కన్నా ఇదే పెద్ద సమస్య. ఆపేటప్పుడు ట్యాంకు నింపి పెట్టండి, ఆ పెట్రోలుని ముసలిదవనివ్వకండి.

స్టెపినీ ఉండదు. గాలి పంపు, టైరు రంధ్రం పూడ్చే గోంద్ (జిగురు) సీసా ఇస్తారు. పంచరు షాపు అబ్బాయి జాకీ ఈ కారు కిందకి దూరనే దూరదు. అందుకే ముందు డిక్కీలో రెండు చెక్క పలకలు, జాకీ పెట్టే చోటికి రబ్బరు దిమ్మె, చక్రం బోల్టుల తాళం తప్పక ఉంచుకోండి. కారుని పలకల మీదకి ఎక్కిస్తే జాకీకి చోటు దొరుకుతుంది. జాకీ ఎక్కడ పెట్టాలో మీరే చూపించండి, అబ్బాయికి వదలొద్దు.

జనం

టీ కోసం ఆగారంటే పది నిమిషాల్లో ముప్పై మంది. "అన్నా, ఒక్కసారి రైజ్ చెయ్యి" అని ఒడియాలో, తెలుగులో, హిందీలో అడుగుతారు. ఫొటోలు తీసుకోనివ్వండి, పిల్లల్ని కూర్చోబెట్టండి, కానీ రైజ్ చెయ్యకండి. ఆ చప్పుడు విన్న బైకు కుర్రాళ్ళు హైవే మీద ఫోను చేత్తో పట్టుకుని మీ పక్కనే వస్తారు. అలా వస్తే వేగం పెంచొద్దు, తగ్గించి వాళ్ళని ముందుకి పోనివ్వండి. కాగితాలన్నీ డిజిలాకర్‌లో ఉంచుకోండి. పోలీసులు ఆపేది చాలాసార్లు చూడ్డానికే, అయినా అడిగినప్పుడు చూపించాలి.

అమ్మేటప్పుడు

కొనేవాడు మన ఊళ్ళో దొరకడు. హైదరాబాదు, బెంగళూరు, ముంబై నుంచి వస్తాడు. కాబట్టి ఫారం 28తో ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), యాజమాన్యం మార్చే 29, 30 ఫారాలు, లోను ఉంటే బ్యాంకు క్లియరెన్సు, ఇవన్నీ అయ్యేసరికి వారాలు పడుతుంది. వారంటీ మిగిలి ఉండగానే మొదలుపెట్టండి. రెండో తాళం, ఒరిజినల్ ఛార్జరు, టూల్‌కిట్, ప్రతి సర్వీసు బిల్లు, ట్రక్కు ఎక్కించిన వీడియోలతో సహా, ఒకే పెట్టెలో ఉండాలి. రెండో తాళం లేదంటే అక్కడే లక్షల్లో బేరం తగ్గిస్తారు. చూడ్డానికి వచ్చినవాణ్ణి నడపనిచ్చే ముందు అతని లైసెన్సు, మీ బీమా గడువు చూసుకోండి, అడ్వాన్సు మీ ఖాతాలో పడనివ్వండి. గేటు దగ్గర వాలు మాత్రం మీరే దాటించి ఇవ్వండి.